అడ్డాకు విస్తరిలో పంటల ప్రదర్శన

వ్యవసాయ ప్రదర్శన అనగానే ఒక పక్క ఒంగోలు గిత్తల బండలాగుడు, ఇంకో పక్క ట్రాక్టర్లు, డ్రిప్పు పైపులు, స్ప్రేయర్లు గుర్తొస్తాయి. షామియానా కింద బల్లమీద గాజు సీసాల్లో గింజలు, వాటి ముందు రకం పేరు, పంటకాలం, దిగుబడి రాసిన అట్టముక్కలు ఉంటాయి. వైరా కృషి విజ్ఞాన కేంద్రంలోనో, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలోనో రైతు మేళా పెడితే ఖమ్మం రైతు చూసేది ఇదే. అదే రైతు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి భద్రాచలంలో దిగితే అక్కడ పంటను విస్తరిలో వడ్డిస్తారు. రకం పేరు, పంటకాలం చెప్పే అట్టముక్క ఉండదు. వడ్డించే మనిషిని అడిగి తెలుసుకోవాలి. అడిగితే ఎంతో ఓపికగా చెబుతారు.

తిండిని పంటల ప్రదర్శనగా చూడటం కొందరికి వింతగా అనిపించవచ్చు. 1839లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన పెద్ద వ్యవసాయ ప్రదర్శనలో ముఖ్యమైనవి పశువులు, పనిముట్లు. తర్వాత చాలా దేశాల ప్రదర్శనలు ఇలాగే నడిచాయి. అమెరికాలోని అయోవా రాష్ట్ర ప్రదర్శనలో 1911 నుంచి వెన్నతో నిలువెత్తు ఆవుబొమ్మ చేసి అద్దాల వెనక పెడుతున్నారు. జనం ఆ బొమ్మను చూసి, బయట వేరే దుకాణంలో వేరే ఏదో తిని వెళ్తారు. చూసే పంట ఒకటి, తినే తిండి ఇంకొకటి. భద్రాచలం అడవి అంచున ఈ రెండూ ఇంకా విడిపోలేదు. ఇక్కడి కోయలు, కొండరెడ్లు ఏడాది పొడవునా చేసుకునే పండుగల్లో చాలావాటికి ఏదో ఒక పంటో కాయో పువ్వో మూలం. దాన్ని అందరూ కలిసి తినడంతోనే ఆ పండుగ పూర్తవుతుంది. పట్నం నుంచి వచ్చిన కుటుంబానికి స్టాల్‌లో దొరికే దొప్పెడు తిండి ఆ పండుగలోని చిన్న ముక్క. అది తెలిసి తింటే రుచి పెరుగుతుందని నా నమ్మకం.

ముందు ఎప్పుడు, ఎక్కడ అన్నది చెప్పాలి. భద్రాచలానికి జనం పోటెత్తే కాలాలు రెండు. చైత్రంలో శ్రీరామనవమి, సీతారాముల కల్యాణం. మార్గశిర పుష్యాల మధ్య ముక్కోటి ఏకాదశి, దాని ముందు రోజు గోదావరిలో తెప్పోత్సవం. 2025 జనవరిలో ముక్కోటి రోజుల్లోనే జిల్లా యంత్రాంగం ‘ఏరు’ పేరుతో గోదావరి ఒడ్డున నది పండుగ జరిపింది, ఆదివాసీ వంటల స్టాళ్లు కూడా పెట్టించింది. ఆ ఏడాదే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. అక్కడా మ్యూజియం చూసి బయటికొచ్చినవాళ్ల కోసం ఆదివాసీ వంటకాల స్టాళ్లున్నాయి. మహిళా సంఘాల వాళ్లు నడిపే ఇలాంటి స్టాళ్లే మనకు దారి. గూడెం పండుగలు గూడేనివి. పిలిస్తే వెళ్లాలి గాని, కెమెరా పట్టుకుని పిలవని పేరంటానికి వెళ్లడం తగదు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త పంటను మొదటిసారి తినే పండుగను ఇక్కడ కొత్త అంటారు. చిక్కుడు కొత్త, మామిడి కొత్త, వడ్ల కొత్త. కొమ్మకు కాయ కనిపించింది కదా అని కోసుకు తినడానికి లేదు. ఊరి పెద్ద, పూజారి కలిసి రోజు నిర్ణయిస్తారు. ఆ రోజు కొత్త కాయనో గింజనో ముందు ముత్యాలమ్మకు, ఊరి వేల్పులకు, ఇంటి పెద్దలకు పెడతారు. కోడిని కోస్తారు. ఆ తర్వాతే ఇంట్లో పిల్లవాడైనా నోట పెట్టాలి. వేసవి చివర, తొలకరికి ముందు వచ్చేది విత్తనాల పండుగ. కోయలు దాన్ని విజ్జ పండుం అంటారు, భూమి పండుగ అన్న పేరూ ఉంది. ఇంటింటి నుంచీ తెచ్చిన విత్తనాలను ఒకచోట చేర్చి, పూజించి, మళ్లీ ఇంటింటికీ పంచుతారు. అవి కలిశాకే దుక్కిలో పడతాయి. ఒకప్పుడు ఈ పండుగతోపాటు మగవాళ్లు అడవికి వేటకు వెళ్లేవారు. చట్టాలు మారాయి, అడవి పలచబడింది, వేట ఇప్పుడు చాలాచోట్ల పేరుకే మిగిలింది. విత్తనాలు పంచుకోవడం మాత్రం ఆగలేదు.

ఈ కట్టుబాటును మొక్కుబడిగా చూసి వదిలేస్తే నష్టపోయేది మనమే. మామిడిపిందెను పిందెగానే రాల్చేస్తే పండూ ఉండదు, టెంకా ఉండదు. చిక్కుడు తీగను లేతగా ఉన్నప్పుడే దూస్తే వచ్చే ఏటికి విత్తనం మిగలదు. అడవి ఎవరి సొంతమూ కానప్పుడు ముందు లేచినవాడే అంతా దులుపుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఊరంతా ఒకే రోజు మొదలుపెట్టాలన్న నియమం ఆ పోటీని ఆపుతుంది. ముసలివాళ్లకూ, మగదిక్కు లేని ఇంటికీ వాటా దక్కుతుంది. పండుగ చేసేవాళ్లు ఈ లెక్కలన్నీ వేసుకుని చేస్తారని నేను అనను. వాళ్లకది దేవతతో, పెద్దలతో ఉన్న బంధం. ఆ బంధం చెట్టును కూడా కాపాడుతోందన్నది పక్కనుంచి చూసేవాళ్లకు అర్థమయ్యే విషయం.

ఈ లెక్కన భద్రాచలం వెళ్లిన కుటుంబం ముందుగా అడగాల్సిన ప్రశ్న, ఇది ఏ కాలం? నవమి నాటికి ఎండ ముదిరి ఉంటుంది. ఇప్పపువ్వు రాలే రోజులవి. తాటి ముంజలు అప్పుడప్పుడే దిగుతుంటాయి. ఇంకొన్ని రోజులు ఆగితే తునికి పండ్లు, మొర్రి పండ్లు సంతకొస్తాయి. గుళ్లో పానకం, వడపప్పు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన ఆ పానకం ఎండకు తగిన పానీయం. ముక్కోటికి వెళ్తే విస్తరి పూర్తిగా వేరు. కొత్త బియ్యం, చిక్కుళ్లు, కాల్చిన తేగలు, రేగుపండ్లు, ఉసిరికాయలు. నవమికి వెళ్లి తేగలు అడిగినా, ముక్కోటికి వెళ్లి ముంజలు అడిగినా దొరకవు. దొరకకపోవడమే ఇక్కడి తిండికున్న విలువ. ఏడాది పొడవునా ఒకే జాబితా వేలాడదీసే హోటల్లో ఇది నేర్చుకోలేం. అందుకే పిల్లల్ని రెండు కాలాల్లోనూ తీసుకెళ్లమని చెబుతాను.

స్టాల్‌కి వెళ్లగానే అందరూ బొంగు చికెన్ వైపు పరుగెత్తుతారు. నా సలహా, ముందు జావ తాగండి. జొన్నదో, రాగిదో, ఏది ఉంటే అది. పిండిని రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, చల్లార్చిన జావలో కొద్దిపాటి పులుపు ఉంటుంది. ఎండలో బస్సు దిగి వచ్చినవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, కడుపులో చల్లగా కూర్చుంటుంది. పొలం పనికి, అడవికి వెళ్లే కోయలు ఎండిన సొరకాయ బుర్రలో జావ పోసుకుని భుజాన వేసుకెళ్లేవారు. సొరబుర్ర పెంకు వేడిని లోపలికి త్వరగా రానివ్వదు, పైగా బరువుండదు. ఇప్పుడు ఆ స్థానంలోకి ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. మ్యూజియంలో అద్దం వెనక సొరబుర్ర కనిపిస్తే, అది ఎందుకు వాడేవారో పిల్లలకు జావ తాగుతున్నప్పుడే చెప్పండి. అప్పుడు చెబితే గుర్తుంటుంది.

బొంగు చికెన్ గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అందరూ తింటున్నారు గాని అది ఎలా ఉడుకుతుందో తక్కువమంది గమనిస్తున్నారు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే దారిపొడవునా దాని బోర్డులే. పచ్చి వెదురును కణుపు దగ్గర కోస్తారు. ఒక వైపు కణుపు మూసి ఉంటుంది, రెండో వైపు తెరిచి ఉంటుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిముక్కల్ని అందులో కూరి, తెరిచిన మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె వేయరు, నీళ్లు పోయరు. నిప్పుల మీద పెట్టి తిప్పుతూ ఉంటారు. పచ్చి వెదురు గోడలో ఉన్న నీరు ఆవిరై లోపలికి దిగుతుంది. కోడి కొవ్వు కరిగి ముక్కలకు పడుతుంది. ఆవిరి పోవడానికి దారి లేక ముక్క మెత్తగా ఉడుకుతుంది. బయట బొంగు నల్లగా మాడుతుంటే లోపల కూర మాడదు. వెదురులో తేమ ఉన్నంతసేపే ఈ రక్షణ. ఎండిన వెదురు పెడితే అది నిప్పంటుకుని, కూరతో సహా మాడిపోతుంది. కాబట్టి చూడాల్సింది బొంగు రంగు. కాల్చక ముందు పచ్చగా ఉందా, ఇవాళో నిన్ననో కోసిందా? ఒకసారి కాలిన బొంగు మళ్లీ పనికిరాదు. ప్రతి వంటకూ కొత్త బొంగు కావాలి.

ఆ లెక్క ఒక పెద్ద ప్రశ్నకు దారి తీస్తుంది. వెదురు ఎవరిది? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, అడవిలో బతికేవాళ్లకు దాని మీద హక్కు ఇచ్చింది. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. అంటే పొలం గట్టున వెదురు నాటుకున్న రైతు అనుమతి కాగితాల బాధ లేకుండా కోసుకోవచ్చు. బొంగు చికెన్‌కు ఇంత గిరాకీ ఉన్నప్పుడు అడవి పొదల మీదే భారం వేయకుండా గూడేల చుట్టూ వెదురు పెంచడం మేలు. ఆ వెదురు సొమ్ము కూడా వండే ఆడవాళ్ల చేతికే రావాలి. తినేవాళ్లం ఈ మాట అడుగుతూ ఉంటే అమ్మేవాళ్లూ ఆలోచిస్తారు. నాటుకోడా, ఫారం కోడా అన్నది కూడా ముందే అడగండి. నాటుకోడి ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. పిల్లలు ఆకలితో ఉంటే ఆర్డర్ ఇచ్చి మ్యూజియం చూసి రావచ్చు. ఈలోగా వాళ్ల చేతిలో ఏమైనా పెట్టాలంటే ఇప్పపువ్వు లడ్డు ఉంది.

ఇప్పపువ్వు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ ఆగిపోతుంది. ఆమెకు దాంతో చిన్ననాటి చుట్టరికం. “ఎట్టా ఆరబెడతారమ్మా, బూజు పట్టదా?” అని స్టాల్‌లో ఉన్న అమ్మాయిని అడిగింది. “తెల్లారగట్ల ఏరుకొస్తాం పెద్దమ్మా. ఎండ బాగుంటే మూడు నాలుగు రోజుల్లో గలగలమంటది. అప్పుడు దాస్తే ఏడాది ఉంటది” అని ఆ అమ్మాయి జవాబు. ఆ జవాబులో ఒక పంట పని మొత్తం ఉంది. ఇప్పచెట్టు ఫాల్గుణ చైత్రాల్లో ఆకు రాల్చి పూస్తుంది. గుండ్రటి, పాలిపోయిన పసుపు రంగు పూలు తెల్లవారుజామున రాలుతాయి. ఆలస్యమైతే పశువులూ, ఎలుగుబంట్లూ తినేస్తాయి గనుక చీకటితోనే బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు వెళ్తారు. ఏ చెట్టు ఏ ఇంటివాళ్లదో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం ఉండదు, తగాదా అరుదు. పువ్వు నిండా తీపి. ఎండాక ముదురు గోధుమరంగులోకి తిరిగి కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. పూలయ్యాక కాయలొస్తాయి. ఆ గింజల నుంచి నూనె తీస్తారు. వంటకూ, దీపానికీ, ఒంటికీ అదే నూనె.

బయటివాళ్లకు ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. చెట్టుకు ఇంతకన్నా అన్యాయం లేదు. పంట చేతికి రాని నెలల్లో ఇప్పపువ్వును ఉడికించి, చింతగింజలతోనో జొన్నలతోనో కలిపి తిని కుటుంబాలు బతికాయి. ఇప్పుడు దాన్ని వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డు చేస్తున్నారు. ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసిన ఇప్పపువ్వు లడ్డు రాష్ట్రమంతా పేరు తెచ్చుకుంది. భద్రాద్రి జిల్లాలోనూ ఆ దారి పడింది. వాసన కొంచెం ఘాటుగా ఉంటుంది, మొదటిసారి తినే పిల్లలు ముఖం చిట్లిస్తారు. చిన్న ముక్క ఇచ్చి, బలవంతం చేయకుండా వదిలేయండి. ఇక్కడే ఒక విషయం బాధతో చెప్పాలి. పూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ నిప్పు అదుపు తప్పితే వేసవి అడవి కాలిపోతుంది, మొలకలు చస్తాయి, రేపటి ఇప్పచెట్టే పుట్టకుండా పోతుంది. చెట్ల కింద వలలు, పాత చీరలు పరిచి పువ్వును పట్టే పద్ధతి ఉంది. శుభ్రమైన పువ్వుకు ఎక్కువ ధర ఇస్తేనే ఆ పద్ధతి నిలుస్తుంది. తినేవాళ్లం ఇచ్చే నాలుగు రూపాయలు ఎక్కడ పనిచేస్తాయో చూడండి.

వెదురు కొమ్ముల కూర, అడవి దుంపలు వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో కనిపిస్తాయి. వీటిని తినడంలో ఉన్న జ్ఞానం నాకు మిగతా అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. లేత వెదురు కొమ్ములో సయనైడును పుట్టించే పదార్థం ఉంటుంది. తరిగి, నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడికిస్తే గాని తినడానికి పనికిరాదు. కొన్ని జాతుల చేదు దుంపలు అలాగే తింటే మనిషి ప్రాణం మీదికొస్తుంది. వాటిని పలుచగా చక్రాలుగా కోసి, బుట్టలో పెట్టి, పారే నీళ్లలో రోజుల తరబడి ఉంచి విషం కడిగేస్తారు. ఏది తియ్య దుంపో, ఏది చేదు దుంపో, ఎన్నాళ్లు నానాలో అమ్మ దగ్గర కూతురు నేర్చుకుంటుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ సరిగా చేరలేదు. కాబట్టి స్టాల్‌లో వండి పెట్టింది తినండి గాని, అడవిలో కనిపించిన దుంపను మీరే తవ్వి ఇంటికి తేకండి.

ఆకలి గురించి కూడా మాట్లాడాలి. అడవి తిండిని పొగిడేటప్పుడు దాన్ని దాటేయడం న్యాయం కాదు. 1941లో గోదావరి ఒడ్డు గూడేల్లో కొండరెడ్లతో కలిసి ఉన్న మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ తర్వాత 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. జీలుగు చెట్టు వాళ్లకు ఎంత ఆధారమో అందులో కనిపిస్తుంది. ధాన్యం అయిపోయిన వేసవిలో జీలుగు కల్లే వాళ్లకు పెద్ద ఆసరా, తిండి బొత్తిగా లేనప్పుడు చెట్టు దవ్వను దంచి పిండి తీసేవారు. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా నీళ్లలో కడిగి అంబలి కాచుకునేవారు. అది రుచి కోసం కాచిన అంబలి కాదు. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బూజు పట్టిన టెంకపిండి అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారు. ఇలాంటి తిండిని ‘సంప్రదాయ రుచులు’ అన్న బోర్డు కింద పెట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు. టెంకపిండి చూపించాలంటే పక్కనే అది ఏ నెలలో, ఎందుకు తినాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. పిల్లలకు ఆ మాట చెప్పడం వల్ల వాళ్ల ఆనందం తగ్గదు. విస్తరిలో మెతుకు వదలకుండా తింటారు.

ఆకలి తీరడంలో బియ్యం పాత్ర పెద్దది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం కొండల మీది ఇళ్లకూ చేరింది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండిన వాళ్లకు లేదు. అయితే బియ్యం వచ్చాక సామలు, కొర్రలు, జొన్నలు మెల్లగా విస్తరిలోంచి తప్పుకున్నాయి. అడవి కొట్టి సాగుచేసే పోడులో ఒకే చేనులో జొన్న, కంది, సామ, బొబ్బర్లు కలిపి చల్లేవారు. వాన ముందు పడినా వెనక పడినా ఏదో ఒకటి చేతికొచ్చేది. ఆ చేలల్లో ఇప్పుడు చాలావరకు పత్తి ఉంది. 2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీలో రాష్ట్రమంతటా 4 లక్షల ఎకరాలకు పైగా హక్కు పత్రాలు ఇచ్చారు, అందులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటా పెద్దది. పట్టా వచ్చిన భూమిలో ఏం పండిస్తారన్నది ఇక ధర మీద ఆధారపడి ఉంటుంది. చిరుధాన్యానికి కొనేవాళ్లుంటే చిరుధాన్యం పండుతుంది.

అందుకే భద్రాచలం మహిళా సంఘం వాళ్ల చిరుధాన్యాల బిస్కెట్లను నేను తేలిగ్గా తీసుకోను. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన ఆడవాళ్లు శిక్షణ తీసుకుని ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో బిస్కెట్లు చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో వాటి గురించి చెప్పారు, హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయన్నారు. జావ ముట్టని పిల్లలు బిస్కెట్ తింటారు. అక్కడి నుంచి జావకు తీసుకురావడం ఇంట్లో పెద్దల పని.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన మనకు ఇంకో పంట గుర్తుండాలి. మిర్చి. ఖమ్మం మార్కెట్ యార్డుకు జనవరి నుంచి తేజ రకం మిర్చి ఎర్రగా పోటెత్తుతుంది, అక్కణ్నుంచి విదేశాలకూ వెళ్తుంది. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు గోదావరి ఒండ్రునేలల్లోనూ మిర్చి పండుతుంది. కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి చేల పక్క గుడిసెలు వేసుకుంటాయి. ఏజెన్సీ అనే గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చినా కౌలు పేరుతో పెద్ద సేద్యం నడుస్తూనే ఉంది. బొంగు చికెన్‌కు పట్టించిన కారం ఎర్రదనంలో ఈ కూలి కూడా ఉంది. పంటల ప్రదర్శనలో మిర్చి దిగుబడి రాస్తారు, ఏరినవాళ్ల కూలి రాయరు. రాయాలి.

భద్రాచలం నుంచి కాస్త దూరం వెళ్తే రాష్ట్రం మారిపోతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పట్నం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టుపక్కల ఊళ్లు అటు వెళ్లాయి. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడా, వి.ఆర్.పురం, చింతూరు వైపూ ముంపు కింద పోయేవాటిలో చింతచెట్లు, ఇప్పచెట్లు ఉన్నాయి. ఇంటికి, భూమికి పరిహారం లెక్క కడతారు. కొత్త కాలనీలో మూడు తరాల వయసున్న ఇప్పచెట్టును ఎవరూ నాటి ఇవ్వలేరు. చెట్టు లేనిచోట కొత్త పండుగ దేనికి చేస్తారు? నిర్వాసితులతో మాట్లాడిన ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆ ఊళ్ల నుంచి సంతకు వచ్చిన చింతపండు, ఇప్పపువ్వు ఇప్పటికి ఇంకా దొరుకుతున్నాయి. కొనండి, ఏ ఊరిదో అడిగి తెలుసుకోండి.

ఇక ఇంటిల్లిపాదితో వెళ్లేవాళ్లకు చివరి మాటలు. గుడి దర్శనం పొద్దున్నే ముగించుకుని ఎండ తిరగకముందే స్టాళ్లకు రండి. పెద్దవాళ్లకు ముందు జావ, పిల్లలకు లడ్డు ముక్క, ఆ తర్వాత అందరూ కూర్చుని అన్నం, కూర. కారం తక్కువ తినేవాళ్లుంటే మసాలా పట్టించేముందే చెప్పాలి. బొంగులో కూరాక ఎవరూ ఏమీ చేయలేరు. అడ్డాకు విస్తళ్లు ఉంటే ప్లాస్టిక్ పళ్లెం వద్దనండి. విస్తరి కుట్టడం కూడా ఇక్కడి ఆడవాళ్ల పనే, అదీ అడవి పంటే. జీలుగు కల్లు, తాటికల్లు పెద్దల ఇష్టం, దించిన పొద్దునే తాగాలి, మధ్యాహ్నానికి పులిసి మత్తు పెరుగుతుంది.

ఇంటికి తెచ్చుకోవడానికి సారపప్పు, చింతపండు, తేనె, ఎండు ఇప్పపువ్వు మంచివి. ఇప్పపువ్వు కొనేటప్పుడు గుప్పెట్లో నలిపి చూడండి. జిగటగా అంటుకుంటే తేమ ఉన్నట్టు, బూజు పడుతుంది. గలగలలాడేది తీసుకోండి. ఇంటికొచ్చాక పువ్వులోపలి కేసరాలు దులిపి, రెండు మూడు సార్లు కడిగి, ఆరబెట్టి, సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. నువ్వులు, పల్లీలు విడిగా వేయించి, మూడూ కలిపి రోట్లో దంచండి. పువ్వులో తీపి ఉంది గనుక బెల్లం మామూలు లడ్డుకు వేసేదాంట్లో సగం చాలు. నెయ్యి అక్కర్లేదు, పల్లీ నూనె ఊరి ఉండ దానంతట అదే కడుతుంది.